అమ్మ తట్టే బల్బులు

ఈ రోజు ఖమ్మంలో నాన్న పాత కారు డాష్‌బోర్డుకు ఎల్‌ఈడీ బల్బులు వేయించాను. ఇంత పాత కారుకు సరిపోయేవి ఈ మధ్యే దొరుకుతున్నాయి. స్పీడు, పెట్రోలు మీటర్ల వెనకుండే పాత బల్బులు గతుకు తగిలితే చాలు ఆరిపోయేవి. పక్క సీట్లోంచి అమ్మ డాష్‌బోర్డు మీద రెండు వేళ్లతో తట్టేది. మళ్లీ వెలిగేవి. అడవి దారిలో ఆమె కునుకు తీయకుండా కూర్చునేది అందుకే. బాగు చేయించమంటే నాన్న వినేవాడు కాదు. "మీ అమ్మ ఉందిగా" అని నవ్వేవాడు. ఆయన పోయి ఆర్నెల్లయింది.

సాయంత్రం తల్లాడలో పిన్ని ఇంటి దగ్గర అమ్మను ఎక్కించుకుని ములకలపల్లిలో మా ఇంటికి బయలుదేరాను. పొద్దుగూకాక లైట్లు వేస్తే మీటర్లన్నీ తెల్లగా మెరిశాయి. అడవి మొదలైన చోట కారు పెద్ద గుంతలో పడి లేచింది. అమ్మ చెయ్యి దానంతటదే పైకి లేచి, గాల్లోనే ఆగిపోయింది.

"ఆరుతలేవేంది బిడ్డా?"

"కొత్త బల్బులమ్మా. ఇగ తట్టే పని లేదు."

"అవ్, మంచిగున్నయ్" అంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, "గట్లయితే ఇగ నేను ముందట కూసునుడెందుకురా?" అంది.

బల్బులు బాగా వెలుగుతున్నాయని ఏడుపొచ్చినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో! పాతవి ఇంకా నా చొక్కా జేబులోనే ఉన్నాయి. మీరైతే మళ్లీ పెట్టిస్తారా?

ఇంటి ముందు కారు ఆపాక, దిగబోతూ అమ్మ డాష్‌బోర్డును రెండు వేళ్లతో మెల్లగా తట్టింది. అన్నీ వెలుగుతూనే ఉన్నాయి.