ఊ ఎవరు కొట్టాలి

మా ఇంట్లో కథకి ఊ కొట్టే పని నాది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నాదే. నాయనమ్మ ఒక మాట చెప్పి ఆగుతుంది, నేను "ఊ" అంటాను, అప్పుడుగానీ కథలో మనుషులు అడుగు కదపరు. అన్నలు నిద్రకి తూగుతూ సగం ఊలు మింగేసేవారు. నేను ఒక్కటీ వదిలేదాన్ని కాదు. అంచేత నాయనమ్మ నన్ను తన మోకాలికి ఆనించి కూర్చోబెట్టుకునేది. ఆ చోటు నాకు రాసిచ్చేశారనే అనుకునేదాన్ని.

మేనత్త కూతురు వచ్చి దాన్ని లాక్కుంది.

దొరల మీద లేచిన పితూరీ అణిగిన మరుసటి ఏడు. అరకు వైపు మా కొండలకి అప్పటికింకా రోడ్డు లేదు. మేనత్త, అంటే నాయనమ్మ కూతురు, పోడు చేలో సామలు కాపలా కాయడానికి పిల్లని వెంటబెట్టుకుని వెళ్లింది. ఆమె మొగుడు అస్సాం తేయాకు తోటలకి పోయి మరి రాలేదు. చేను దగ్గర గుడిసెలోనే ఆమెకి జ్వరం తగిలింది, అక్కడే పోయింది. పక్క చేనువాళ్లు చూసేసరికి ఈ పిల్ల తల్లి పక్కన కూర్చుని ఆకుతో ఈగలు తోలుతోందట. దాన్ని మా ఇంటికి తెచ్చారు. పెడితే తినేది, చెబితే నీళ్లు మోసేది, మాట మాత్రం ఆడేది కాదు. అందరూ అయ్యో పాపం అన్నారు. నేనూ ఒక పూట అన్నాను.

చింతపండు రోజులొచ్చాయి. సంతలో ఉప్పుకి మార్చుకోవాలంటే గింజ తీసిన పండు కావాలి. మధ్యాహ్నం అరుగు మీద పండు గుట్ట పోసుకుని, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని గింజలు తీస్తూ నాయనమ్మ కొత్త కథ ఎత్తుకుంది. ఒక గుంట, అంటే చిన్న ఆడపిల్ల, గుమ్మడితీగ వెంట నడిచిపోతోంది. తీగ కొండలు దాటి పోయింది. చివర కాయ ఎక్కడుందో గుంట చూడాలి. నేను "ఊ" అన్నాను.

"నువ్వూరుకో" అంది నాయనమ్మ. "ఈ కతకి అది ఊ కొట్టాల."

"అది కొట్టదు గదా!"

"కొట్టినప్పుడే నడుత్తాది కత. మనకేటి తొందర?"

అది కొట్టలేదు. కథ ఆగిపోయింది. మర్నాడు మళ్లీ మొదటినుంచి తీగ, కొండ, వాగు. వాగు ఒడ్డున గుంట నిలబడిపోయేది. నాయనమ్మ ఆ పిల్ల మొహంలోకి చూస్తూ కూర్చునేది. నా చోట్లో, నాయనమ్మ మోకాలికి ఆనుకుని, అది! నోరైనా తెరవకుండా మనిషిని మొత్తం తీసేసుకుంది. నేను గొంతు చించుకుని ఊ కొట్టినన్నాళ్లూ నాయనమ్మ నన్ను ఒక్కసారైనా అలా చూసిందా? దాని ఊ ఏమన్నా బంగారపు ఊ కాబోలు అనుకునేదాన్ని. పుచ్చిన చింతకాయలన్నీ ఏరి దాని గుట్టలో వేసేదాన్ని. అది కిక్కురుమనకుండా వాటినీ ఒలిచేది. దాంతో నాకు మరీ ఒళ్లు మండేది.

ఒకరోజు కథ వాగు ఒడ్డున మళ్లీ ఆగింది. ఇక నా వల్ల కాలేదు. ఎలాగో ఒకలాగ ఆ కథ తెగిపోతే చాలనిపించింది.

"మిగతాది నాను సెప్తాను" అన్నాను. "గుంట వాగు దాటింది. కొండెక్కింది. గుమ్మడికాయ గుడిసంత ఉంది. లోపల అమ్మ తొంగున్నాది. గుంట పిలిస్తే లెగిసి కూకుంది. కత అయిపోనాది!"

"లెగనేదు."

ఎవరన్నారో మొదట తెలియలేదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"అమ్మ లెగనేదు" అంది ఆ పిల్ల నావైపు తిరిగి, తప్పు దిద్దుతున్నట్టు. "గుంట పిలిసింది. ఒల్లు సల్లగుంది. నిద్దరోతందనుకుంది. ఈగలు వాల్తన్నాయని ఆకు కోసుకొచ్చింది."

అక్కడ ఆగింది. కథ చెప్పేవాళ్లు ఆగినట్టే ఆగి, నాయనమ్మకేసి చూసింది.

నాయనమ్మ చేతిలో పండు జారిపోయింది. పోయింది ఆవిడ కన్నకూతురు. ఆ గుడిసెలో ఆ పొద్దు ఎలా గడిచిందో అంతవరకూ ఆవిడకీ తెలియదు. "ఊ" అంది.

పిల్ల చెప్పుకుపోయింది. గుంటకి ఆకలేసిందట. పిట్టలు సామలు తినేస్తున్నా తోలడానికి వెళ్లలేదట. వెళ్తే అమ్మ లేచి తనని వెతుక్కుంటుందని. ఒక్కో మాటకీ నాయనమ్మ ఊ కొడుతూనే ఉంది. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. చెయ్యి ఆ పిల్ల వీపు మీదే ఉంది.

నాకు నాయనమ్మ ఎన్నడూ ఊ కొట్టలేదు. నేనేదైనా చెప్పబోతే "సాల్లే, పని సూడు" అనేది. నేనూ ఏదో ఒకటి మొదలుపెడదామని నోరు తెరిచాను. ఎంత వెతుక్కున్నా, చెప్పుకోవడానికి నాకేమీ జరగలేదు. ఉక్రోషం ఆగక భోరుమన్నాను.

లోపల అంబలి కాస్తున్న మా అమ్మ పరుగున వచ్చింది. ఆ పిల్ల మీద జాలితో ఏడుస్తున్నాననుకుని నన్ను ఒళ్లోకి లాక్కుని తల నిమిరింది.

ఆ పిల్ల చెప్పడం ఆపి మా ఇద్దరికేసి చూసింది. ఆ చూపు నాకు కొత్తది కాదు. నా చోట్లో కూర్చున్న దానికేసి ఇన్నాళ్లూ నేను చూసిన చూపే.