పెళ్ళికూతురి మోదుగాకు లంగా

నా చిన్నప్పుడు, హైదరాబాదు ఇంకా నిజాంగారి రాజ్యంగా ఉన్న రోజుల్లో, నన్ను లోపల్లోపలే ఉడికించిన బాధ ఒకటుండేది. పక్కింటి పిల్ల చేతిలో ఏది పడితే అది బొమ్మయ్యేది. నా చేతిలో ఏది పడితే అది విరిగేది. ఇప్పుడు నా మనవలకు పిల్లలు పుట్టారు, నోట్లో పళ్ళు రాలిపోయాయి, అయినా ఆ పిల్ల గుర్తుకొస్తే గొంతులో కాస్త కారం తగులుతుంది. దాచుకోవడం దేనికి, నాకు ఆ పిల్లంటే కుళ్ళు.

మేముండేది చిలకలగూడలో, లష్కరు, అదే సికింద్రాబాదు, స్టేషనులో బండి కూత వేస్తే మా వంటింట్లో గిన్నెలు అదిరేంత దగ్గర. ఒకే వాకిలికి రెండు వాటాలు. ఒకదానిలో మేము. మా నాయన రైల్వేలో పనిచేసేవాడు. రెండో వాటాలో ఒక దర్జీ, అతని తల్లి, నా ఈడు కూతురు. ముస్లిములే అయినా ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్ళు. దర్జీ తల్లిని మేమంతా దాదీమా అని పిలిచేవాళ్ళం. పిల్లకు తల్లి లేదు. తల్లి లేని పిల్లని మా అమ్మకు దానిమీద జాలి. ఆ జాలి చూసినప్పుడల్లా, నాకు తల్లి ఉండి ఏం సుఖమని అనిపించేది.

దర్జీ మిషను కింద రాలిన గుడ్డ పీలికలన్నీ ఆ పిల్లవే. ఇరానీ హోటలు వెనక పారేసిన చాయ్‌పత్తా పెట్టెల్లోంచి వెండిరేకు కాగితం ఏరుకొచ్చేది. పగిలిన గాజులు, సీతాఫలం గింజలు, అగ్గిపెట్టెలు, ఏదీ వదిలేది కాదు. అగ్గిపెట్టెకు గుండీ ఒకటి చక్రంలా తగిలించి కుట్టుమిషను చేసింది ఒకసారి. చక్రం తిప్పితే తిరిగేది. మా అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు చూసిందో. "చేతులంటే నీవే బిడ్డా" అని ఆ పిల్ల వేళ్ళు పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా వేళ్ళను మా అమ్మ పట్టుకున్నదల్లా గోళ్ళు తీయడానికే.

నాకూ ఒక బొమ్మ ఉండేది. మా మేనమామ జనరల్ బజారులో కొని తెచ్చిన కచకడ బొమ్మ, ప్లాస్టిక్కులా మెరిసేది, ఎర్రటి బుగ్గల మగపిల్లవాడు. తెచ్చిన రోజు అందరూ చూశారు, ఆ తర్వాత ఎవరూ వాడి మొహం చూడలేదు. ఆ పిల్ల చేసిన గుడ్డ బొమ్మను మాత్రం వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు అడిగి మరీ చూసేవాళ్ళు. నల్లదారం జడ, గాజుముక్క ముక్కుపుడక. ఒక కనుబొమ్మ కాస్త పైకి లేచి ఉండేది, మనం చెప్పేదేదీ తను నమ్మనన్నట్టు. అలాంటి బొమ్మ నాకుండాలి, ఆ పిల్లకు ఉండకూడదు. ఇదీ నా కోరిక.

నలభై ఎనిమిదిలో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో బళ్ళు మూసేశారు. ఇండియన్ యూనియన్ సైన్యం వస్తుందని కొందరు, రానివ్వరని కొందరు. విమానాల భయంతో కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటించారు. పొద్దుగూకకముందే మా నాయన తలుపుకు అడ్డగర్ర వేసేవాడు. అన్నేళ్ళు ఒకే అరుగుమీద చాయ్ తాగిన నాయనా, దర్జీ ఎదురుపడితే తలవంచుకుని ఎవరి వాటాలోకి వాళ్ళు పోయేవాళ్ళు. పిల్లలకు వాకిలి దాటే వీలు లేదు. ఆ చిన్న వాకిట్లో రోజంతా ఆ పిల్ల బొమ్మను ఎదురుగా చూస్తూ కూర్చోవడం నా వల్ల కాలేదు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మా దగ్గర ఆడపిల్లలు బొమ్మల పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు, రెండు మతాల ఇళ్ళలోనూ. పెళ్ళయ్యాక పెళ్ళికూతురు మగపెళ్ళివాళ్ళ ఇంటికి పోవాల్సిందే, అది ఆటలోనూ తప్పదు. నా కచకడ పిల్లవాడికి నీ కూతుర్నిస్తావా అని అడిగాను. పెళ్ళి సరదాలో ఆ వెర్రిది వెంటనే ఒప్పుకుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. గుమ్మంలో కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న దాదీమా నా మొహం చూసింది. ఆ ముసలామెకు సూది బెజ్జం కనపడకపోవచ్చు గానీ నా మనసులో ఉన్నది మాత్రం బాగానే కనపడింది.

"పిల్లనడిగెటోళ్ళు ఉత్త చేతుల్తోని వస్తరా బిడ్డా?" అంది. "సాంచక్ తేవాలె గద. పెండ్లిపిల్ల జోడా నువ్వే కుట్టాలె, నీ చేతుల్తోని. బజార్ల కొన్నది చెల్లది."

సాంచక్ అంటే పెళ్ళికి ముందు మగపెళ్ళివాళ్ళు పళ్ళెంలో పెట్టి తెచ్చే పెళ్ళిబట్టలు, గాజులు, పూలు. ఆ బట్టలతోనే పిల్లను పీటమీద కూర్చోబెడతారు. పుట్టింటి నూలుపోగు ఒంటిమీద మిగలకూడదు. ఇదంతా చెప్పి దాదీమా మళ్ళీ తన సూదిలోకి తల వంచేసింది.

సూది పట్టుకోవడం నాకు చేతకాదు. మా అమ్మ పాత రవిక చించి మొదలుపెట్టాను. వేళ్ళు పొడుచుకున్నాను, లంగా అనుకుని కుట్టింది సంచీ అయింది. దాన్ని విప్పి మళ్ళీ కుడితే ఈసారి సంచీకి అడుగు కూడా లేదు. నువ్వు కుట్టిపెట్టవే అని మా అమ్మను బతిమాలాను. "నీ కోడలికి నువ్వే కుట్టుకోవాలె" అని తన పనిలో తను పడిపోయింది. ఎదురు వాటాలో చూస్తే ఆ పిల్ల అల్లుడికివ్వడానికి అగ్గిపెట్టెల మంచం చేసింది, చింపిన నల్లకాగితానికి మైదాపిండి లై రాసి గొడుగు చేసింది, వెండిరేకుతో చెంబు చేసింది. చెంబుకు మూత కూడా ఉంది. ఆ మూత చూసేసరికి నాకు ఏడుపొచ్చేసింది. చేతిలోని గుడ్డను వాకిట్లోకి విసిరికొట్టి, గోడ మూల కూర్చున్నాను.

దాదీమా మెల్లగా లేచి వచ్చి నా పక్కన చతికిలబడింది. తిట్టలేదు. కుళ్ళుబోతుదానివని అనలేదు. నిజానికి అనాల్సింది అదే.

"జలన్ అయితుందా, కడుపు మండుతుందా? కానియ్యి. పొయ్యిల మంట ఉంటెనే రొట్టె కాలుతది. ఉత్తగ మండితె ఇల్లు కాలుతది. నీ చేతులకు ఏదొస్తదో అది చెయ్యి."

నా చేతులకు ఏమీ రాదని నేను మొండిగా చెప్పాను. ఆమె నవ్వింది.

మర్నాడో, ఆ మర్నాడో విమానాలొచ్చాయి. ఆకాశం దద్దరిల్లుతుంటే మమ్మల్నందర్నీ లోపలి గదిలో వేసి తలుపు మూశారు. మా అమ్మకు భయమేస్తే చేతులు ఊరికే ఉండవు. మోదుగాకుల కట్ట విప్పి, నీళ్ళు చిలకరించి మెత్తబరిచి విస్తళ్ళు కుట్టడం మొదలుపెట్టింది. నా ముందూ ఒక దొంతర పడేసింది. విస్తరి కుట్టడం మా ఇంట్లో నాకు నడక వచ్చిన దగ్గర్నుంచీ ఉన్న చాకిరీ. ఆకుమీద ఆకు పెట్టి, చీపురు పుల్ల సన్నగా చీల్చి గుచ్చి, అవతల తేల్చి, చివర తుంచెయ్యడం. అదీ ఒక పనేనా అని నా చులకన. ఆ రోజు కోపంతో, భయంతో గుచ్చుతూ పోతుంటే ఒక ఆకు నా చేతిలో దానంతటదే కుచ్చుగా ముడుచుకుంది. పుల్ల గుచ్చితే అలాగే నిలబడిపోయింది. పక్కన ఇంకో కుచ్చు పెట్టాను. మా అమ్మ అది చూసి, ఇంకో నాలుగు లేతాకులు ఇటు జరిపింది.

విమానాల మోత ఆగేసరికి నా ఒళ్ళో కుచ్చుల లంగా ఒకటి నిలబడి ఉంది. దారం లేదు, ముడి లేదు. అంచుకు వెండిరేకు కావాలి. అది ఆ పిల్ల దగ్గరే ఉంది. అడగడం కంటే చావడం మేలనిపించింది గానీ పెళ్ళి తప్పిపోతుందని అడిగాను. అది అడగ్గానే ఇచ్చేసింది. అందుకూ మండింది.

కొన్ని రోజులకే అంతా అయిపోయిందన్నారు. నిజాం లొంగిపోయాడట. మా నాయన అడ్డగర్ర తీసి మూలన పెట్టాడు. ఆ సాయంత్రమే దర్జీ తన తలుపుకు అడ్డగర్ర వేసుకున్నాడు. మా ఇంట్లోని భయం వాకిలి దాటి వాళ్ళింట్లోకి పోయింది. అయినా దాదీమా పెళ్ళి వాయిదా వెయ్యలేదు. పిల్లల ముహూర్తాలకు పెద్దల గొడవలు అడ్డమా అని మా నాయన్ను కూడా పిలిచి అరుగుమీద కూర్చోబెట్టింది, తన కొడుకు పక్కనే. ఇద్దరూ చాలా రోజులకు ఒకేచోట కూర్చుని బిత్తరచూపులు చూశారు.

నేను పళ్ళెం తెచ్చి గుడ్డ తీశాను. ముందు మా నాయన నవ్వాడు, ఆ తర్వాత దర్జీ. "విస్తరి కట్టుకున్న పెండ్లిపిల్ల" అని దర్జీ అంటే అందరూ పడీపడీ నవ్వారు, మా అమ్మతో సహా. నా చెవులు కాలిపోయాయి. అందరిలోకీ నవ్వనిది ఆ పిల్ల ఒక్కతే. లంగాను చేతిలోకి తీసుకుని తిరగేసింది. కుచ్చుల లోపల వేలు పెట్టి వెతికింది.

"దారమేది?" అంది.

నేను చెప్పలేదు. అది తలెత్తి నా చేతుల వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్తది కాదు, ఏళ్ళ తరబడి దాని చేతులను నేను చూసిన చూపే. నా పనితనం చూసి ఒకరు కుళ్ళుకోవడం ఎంత తియ్యగా ఉంటుందో ఆ క్షణాన తెలిసింది. పెళ్ళిలో పంచిన చక్కెర నాకు చప్పగా అనిపించింది.

పెళ్ళికూతురు పుట్టింటి జరీ బట్టలన్నీ విప్పేసి, నా ఆకు లంగా కట్టుకుని, కనుబొమ్మ ఎగరేసి మా ఇంటికి వచ్చింది. కోరుకున్నది చేతికొచ్చింది. కానీ వాళ్ళలో జుమాగీ అని ఒక ఆచారం ఉంది. పెళ్ళయ్యాక అయిదు శుక్రవారాలు పుట్టింటివాళ్ళు కూతురినీ అల్లుడినీ పిలిచి భోజనం పెట్టి పంపుతారు. కాబట్టి ప్రతి శుక్రవారం నా బొమ్మలు రెండూ పక్కింట్లో ఉండేవి. ఆ పిల్ల వాటిని ఒళ్ళో పెట్టుకుని లంగా చూస్తూ కూర్చునేది. ఎట్ల కుట్టినవో చూపియ్యి అని అడిగితే నేను చేతులు వెనక్కి పెట్టుకునేదాన్ని. దాదీమా చూసి, ఇప్పుడు రెండిళ్ళలోనూ పొయ్యి రాజుకుందని నవ్వేది.

దర్జీ మాత్రం నవ్వడం మానేశాడు. గుడ్డ తెచ్చిన ప్రతివాడికీ కుట్టడం అతని వృత్తి. అంతకుముందు రజాకార్లలో ఎవరెవరికో ఖాకీ బట్టలు కూడా కుట్టాడు. ఇప్పుడు ఎవరైనా వచ్చి అదేమిటని అడుగుతారేమోనని పీలికలన్నీ పొయ్యిలో వేశాడు. అయినా గుండె కుదుటపడలేదు. మా నాయన ఎంత చెప్పినా వినలేదు.

చివరి జుమాగీ రోజున, అప్పటికి మళ్ళీ తెరిచిన బడి నుంచి నేను వచ్చేసరికి వాళ్ళ తలుపుకు తాళం వేలాడుతోంది. కాప్రాలో చుట్టాలున్నారని అందరూ కలిసి వెళ్ళిపోయారట. పొద్దున జుమాగీకి పంపిన నా బొమ్మలు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయనుకున్నాను. నేను వాకిట్లో నిలబడి ఆ పిల్లను నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. దొంగది, మాయదారిది, నా కోడల్ని ఎత్తుకుపోయిందని గుండెలు బాదుకున్నాను.

"ముందు గా నోరు మూసుకోని ఇటు రా" అని మా అమ్మ ఒక గుడ్డ మూట నా చేతిలో పెట్టింది. "ఆచారం తప్పొద్దని దాదీమా ఇచ్చిపోయింది. పిల్లను అత్తింటికి సాగనంపినమని చెప్పమన్నది."

విప్పితే పిల్లవాడున్నాడు, పెళ్ళికూతురు ఉంది. లంగా మాత్రం నాది కాదు. మోదుగాకుదే గానీ కుచ్చులు ఎగుడుదిగుడు, పుల్లల చివరలు తుంచక బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. నేను బడికి పోయినంక ఆ పిల్ల రోజూ వచ్చి ఆకులు అడుక్కుపోయేదని అప్పుడు చెప్పింది మా అమ్మ. నేను కుట్టిన లంగా అది తనతో పట్టుకుపోయింది.

దాని కుట్టు నా కుట్టంత బాగా లేదు. ముందు ఆ మాటే అనుకుని నవ్వాను. ఆ తర్వాత అరుగుమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. చివర తుంచాలని ఒక్క మాట చెప్పి ఉంటే దానికి వచ్చేసేది. ఆ తర్వాత వాళ్ళు కాప్రా నుంచి కూడా వెళ్ళిపోయారని విన్నాం. నేను మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు మల్కాజ్‌గిరిలో మా కోడలు వాళ్ళ ఫ్లాటులో ఉంటున్నాను. ఎదురింటావిడ ముగ్గు నాకంటే బాగా వేస్తే ఇప్పటికీ కళ్ళల్లో నిప్పులు పోసుకుంటాను. కానీ మంట రాజుకోగానే చేతులు ఏదో ఒక పీలిక కోసం, పుల్ల కోసం తడుముకుంటాయి. పాలపాకెట్లతో పూలదండలు, మందుల రేకులతో చిలకలు చేసి పిల్లలకు పంచుతుంటాను. ఆ అలవాటు దాదీమా పెట్టింది.

పెళ్ళికూతురు నా పెట్టెలోనే ఉంది, కనుబొమ్మ ఇంకా దింపలేదు. ఆకు ఎండి పొడైనప్పుడల్లా కొత్త లంగా కడతాను. ఎవరికి కుట్టినా పుల్లలన్నీ తుంచేదాన్ని, దీనికి మాత్రం ఒక పుల్ల చివర అలాగే బయటికి వదిలేస్తాను, ఆ పిల్ల కుట్టినట్టు. నేను కుట్టినదాని వెండిరేకు అంచైనా ఆ పిల్ల దగ్గర ఏ పెట్టెలోనో ఉండి ఉంటుంది. దాన్ని తీసి చూసుకున్నప్పుడల్లా దానికీ కాస్త మండుతూ ఉండాలని నా కోరిక.