తెల్లగీత ఉన్న రాయి: టెక్కలి మీదుగా ఉద్దానం తీరానికి

ఎనిమిది కిలోల రాయిని భుజాన వేసుకుని ఎవరైనా ప్రయాణం కడతారా? నేను కట్టాను. ఉద్దానం ఎలా వెళ్ళాలి, ఎక్కడ దిగాలి అని తరచుగా అడిగేవాళ్ళ కోసం దారీ ఖర్చూ రాస్తున్నాను గానీ, నేను వెళ్ళింది కొబ్బరితోటలు చూడడానికి కాదు. దాలయ్య అనే శిల్పి మూడేళ్ళుగా నా ఫోన్ ఎత్తడం లేదు. ఎందుకో కనుక్కుందామని వెళ్ళాను.

మేం ఏడుగురం. నలుగురం బొమ్మలు వేసేవాళ్ళం, ముగ్గురు చెక్కేవాళ్ళు. మాలో పెద్దాయన కాన్వాసు నిండా చతురస్రాలే వేస్తారు. ఒకామె అమ్మవారి జాతర రంగులు తప్ప వేరేవి ముట్టదు. ఒకడు పాత సైకిలు చైన్లు అతికించి పక్షులంటాడు, మేం సరేనంటాం. నేను విశాఖలో ఒక బడిలో డ్రాయింగ్ టీచర్ని, పాత ఇళ్ళ గోడలు నీటిరంగుల్లో వేస్తాను. దాలయ్యది టెక్కలి నీలిరాయి. ఒకరి పని ఒకరికి పెద్దగా నచ్చదు, అయినా ఏటా కలిసి ఒక ప్రదర్శన పెట్టేవాళ్ళం. మాకొక ఆచారం ఉంది. ప్రతివాళ్ళూ పూర్తయిన పని ఒకటి, పూర్తికానిది ఒకటి పంపాలి. పూర్తికానిదాని మీద, మిగిలిన భాగం చుట్టూ సుద్దతో తెల్లగీత గీయాలి. చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళు ఆ గీత లోపలి భాగం తమ పద్ధతిలో పూర్తిచేస్తారు. ఒకటే నియమం, పంపినవాళ్ళని ఏమీ అడక్కూడదు.

మూడేళ్ళ క్రితం దాలయ్య రెండు పంపాల్సింది ఒక్కటే పంపాడు. జానెడు ఎత్తు రాయి, ఒక ఆడమనిషి. చేతులు ఎంత చక్కగా చెక్కాడంటే వేళ్ళ కణుపులు కూడా తెలుస్తున్నాయి. ముఖం మాత్రం గరుకు రాయి. దవడ కింద, మెడ చుట్టూ తెల్లటి గీత. చీటీలో నా పేరొచ్చింది. నీటిరంగులు రాయి మీద నిలవవని ఆయిల్ రంగులు తెచ్చి పెద్ద కళ్ళు, బొట్టు, ముక్కుపుడక, చిరునవ్వు వేశాను. ఆ ఏడాది అందరికంటే ఎక్కువ ఫొటోలు దానికే తీశారు. దాలయ్య వచ్చి దాని ముందు కాసేపు నిలబడి, భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయాడు. తరవాత మరి రాలేదు. ఆ బొమ్మ నా ఇంట్లోనే ఉండిపోయింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే మానేసి, ఇప్పుడు ముగ్గురం మిగిలాం. ఈసారి ఆహ్వానపత్రంలో దాలయ్య పేరు తీసేద్దామని పెద్దాయన అన్నారు. నాకు మనసొప్పలేదు. ఒంటరిగా ఉండేదాన్ని, ఈ గుంపు తప్ప నాకు పెద్దగా ఎవరూ లేరు. అతను మా మనిషా కాదా అని అతని నోటే వినాలనుకున్నాను.

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్సులో ఉదయం ఐదున్నరకి పలాస బస్సు ఎక్కితే తొమ్మిదిన్నరకి టెక్కలిలో దిగాను. టికెట్టు రెండు వందల పైచిలుకు. ఎడమవైపు కిటికీ దొరికితే శ్రీకాకుళం దాటాక కొండలు కనిపిస్తాయి. రాయి ఉన్న సంచిని కాళ్ళ దగ్గర పెడితే, "ఏటమ్మా అది, రుబ్బురోలా?" అని కండక్టరు అడిగాడు. బొమ్మ అన్నాను. "లగేజీ టికెట్టు కొట్టమంటారా, మనిసి టికెట్టు కొట్టమంటారా?" అని నవ్వుకుంటూ ముందుకెళ్ళాడు. నవ్వు రాలేదు గానీ, ఆ రోజు నాతో మాట్లాడిన మొదటి మనిషి అతనే.

టెక్కలిలో దిగితే రాళ్ళు కోసే చప్పుడు ఊరి బయటనుంచే వినిపిస్తుంది. గ్రానైట్ పాలిష్ చేసే షెడ్లు రోడ్డు పొడవునా ఉన్నాయి. బస్టాండు నుంచి ఆటోకి అరవై రూపాయలు. దాలయ్య ముక్కలు ఏరుకునే షెడ్డు నాకు తెలుసు, ఒకసారి మా అందరినీ అక్కడికి తీసుకొచ్చాడు. బూడిదరంగులో ఉన్న రాయికి నీళ్ళు కొట్టి రుద్దుతుంటే లోపలి నీలం పైకి రావడం అక్కడే చూశాను. దుమ్ముతో తెల్లబడ్డ మేస్త్రి నన్ను గుర్తుపట్టలేదు. దాలయ్య పేరు చెప్పగానే మిషను ఆపాడు.

"ఇటు రావడం మానీసి మూడేళ్ళవతంది మేడమ్. ఆడి పెళ్ళాం పోయాక మరి రాయి ముట్టుకోనేదు."

దాలయ్య భార్య పార్వతి పోయిందని మాలో ఎవరికీ తెలియదు. ఎప్పుడు పోయిందని అడిగాను.

"మీ పట్నంలో బొమ్మల పందిరేదో ఎట్టినారు గదా, దానికి రెండు నెల్ల ముందు. కిడ్నీలు. ఊరూరా ఉన్నదే."

సంచిలో ఉన్నది దాలయ్య బొమ్మేనని చెబితే చూపించమన్నాడు. సంచి విప్పాను. ఆ చేతుల మీద వేలు పెట్టి, "ఇది దాలయ్య పనే" అన్నాడు. తరవాత ముఖం కేసి చూసి, "ఈ రంగు ఆడు ఎయ్యడు. ఎవులు ఏసినారు?" అని అడిగాడు. నేనే అని చెప్పకుండా సంచి మూసేశాను. బడిలో పిల్లలు తప్పుచేసి చేతులు వెనక పెట్టుకుంటారు చూడండి, అచ్చం అలాగే నిలబడ్డాను.

టెక్కలి నుంచి కాశీబుగ్గకి బస్సులో ముప్పావు గంట. పలాస, కాశీబుగ్గ కలిసిపోయిన జంట ఊళ్ళు. బస్సు దిగగానే జీడిపిక్కలు కాలిన వాసన తగులుతుంది. భోజనాల వేళకి కార్ఖానాల నుంచి ఆడవాళ్ళు గుంపులుగా బయటికొచ్చారు. జీడి కొట్టేవాళ్ళ వేళ్ళు ఆ చమురుకి నల్లబడి ఉంటాయి. బస్టాండు ఎదుట మెస్సులో నూట ఇరవైకి చేపల పులుసుతో భోజనం బాగుంటుంది. నేను సగం వదిలేశాను. నా బల్ల దగ్గర మిగతా మూడు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గుంపులో ఒకామె చేతులు కడుక్కుంటుంటే ఆ వేళ్ళ కణుపులు చూశాను. పార్వతి ఇక్కడే జీడి కొట్టేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమెని నేను ఒక్కసారే చూశాను, మాకు టీ ఇచ్చింది. రాయిలో ఉన్నవి ఆ చేతులే. నేను మూడేళ్ళు ఆ బొమ్మని ఇంట్లో పెట్టుకుని, వాటిని గుర్తుపట్టలేదు.

తీరం ఊళ్ళకి కాశీబుగ్గ నుంచి షేరు ఆటోలు నలభై రూపాయలకి దొరుకుతాయి గానీ, తిరుగు ప్రయాణానికి నమ్మకం ఉండదు. రానూ పోనూ ఆరు వందలకి ఒక ఆటో మాట్లాడుకున్నాను. దాలయ్య ఊరు వజ్రపుకొత్తూరు మండలంలో ఉంది, అంతకంటే ఇక్కడ రాయను. జీడితోటలు, ఆ తరవాత కొబ్బరి. తుపానుకి పడిపోయిన చెట్ల మధ్య కొత్త మొక్కలు మనిషెత్తుకి వచ్చాయి. నా సీసాలో నీళ్ళు అయిపోయి దారిలో బోరు దగ్గర ఆపమంటే ఆటో అతను ఒప్పుకోలేదు. "ఈ నీల్లు మీరు తాగకండమ్మా. మాకంటే అలవాటయిపోనాది" అని తన క్యాను లోంచి పోశాడు. ఉద్దానంలో కిడ్నీల జబ్బుకి ఈ నీళ్ళే కారణమని చాలామంది అంటారు.

రెండు దాటాక చేరాం. సముద్రానికి రెండు వందల అడుగుల్లో చిన్న స్లాబు ఇల్లు, ముందు పాక. పాకలో దాలయ్య వల బాగుచేస్తున్నాడు. చిక్కిపోయాడు. పెరట్లో ఎక్కడా రాతి పొట్టు లేదు. నన్ను చూసి లేచాడు, ఆశ్చర్యపోలేదు.

"వొచ్చినావా అక్కా. కూకో."

కూర్చున్నాను. సంచి మధ్యలో పెట్టాను. "పార్వతి సంగతి టెక్కలిలో తెలిసింది. మాకు ఒక్క మాట చెప్పకూడదా?" అన్నాను. నా గొంతులో కోపం నాకే వినిపించింది.

"సెప్పినాను గదా. బొమ్మ అంపినాను."

"మరి ముఖం పూర్తిచెయ్యమని గీత గీసి పంపావు కదా?"

అతను సంచి ముడి విప్పాడు. సంచిలోంచి బొమ్మ తీసి, మెడ దగ్గర బొటనవేలితో రుద్దాడు.

"నాను గీత గియ్యనేదక్కా. పని అయిపోతే రాయిని సముద్రంలో ముంచుతాను, దుమ్ము పోద్దని. దీనికి గరుకు మొకమే గదా దుమ్ము పట్టింది, తలకిందులుగా మెడ దాకా ముంచినాను. ఎండితే నీరున్న కాడ తెల్లగా నిలబడిపోద్ది. అది సుద్ద కాదు, ఉప్పు."

అతనికి పని అయిపోయిందని చెప్పే గుర్తు ఉప్పుగీత. మాకు పని మిగిలిందని చెప్పే గుర్తు సుద్దగీత. రెండూ తెలుపే.

"ముఖం ఎందుకు చెక్కలేదు?"

"పార్వతే వొద్దంది. ఆకర్న మొకమంతా ఉబ్బిపోనాది. అద్దం బోర్లా ఎట్టీసేది. 'సేతులు సెక్కు, ఈ మొకం రాయిలో ఉండిపోకూడదు' అనీసి ఒట్టేయించుకుంది. మీ కాడికొచ్చి సూత్తే మొకం ఉంది. దానిది కాని మొకం. నవ్వుతా ఉంది. అందరూ పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటన్నారు."

నేను ఏడ్చాను. దాచుకోవడానికేం లేదు, ఆటో అతను చూస్తుండగానే ఏడ్చాను. "అప్పుడే నన్ను తిట్టి ఉండొచ్చు కదా!" అన్నాను.

"నా పని అవ్వనేదని మీరందరూ కలిసి సెప్పినారనుకున్నాను. ఇంకేటనగలను?"

అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. మేమేమో అడక్కపోవడాన్నే గొప్ప నియమంగా పెట్టుకున్నాం. అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరం మూడేళ్ళు చెరో గదిలో కూర్చుని, మిగతావాళ్ళంతా ఒకటైపోయి నన్నొక్కరినే వదిలేశారని ఎవరికి వాళ్ళం అనుకున్నాం.

బొమ్మని నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి ఇసకతో రుద్దాం. బొట్టు కొంచెం చెదిరింది, అంతే. "గరుకు రాయి గదా, రంగు తాగీసింది" అన్నాడు దాలయ్య. పాకలోకి తిరిగొచ్చాక నా చేతిసంచిలో వెతికాను. డ్రాయింగ్ టీచరు సంచిలో ఏమున్నా లేకపోయినా సుద్దముక్క ఉంటుంది. తడి ఆరిన రాయి మీద, ఉప్పుగీత ఉండిన చోటే, మెడ చుట్టూ నెమ్మదిగా గీత గీశాను. గీత వంకరపోయింది. మా లెక్కలో దాని అర్థం అతనికి చెప్పక్కర్లేదు. నేను వేసిన ముఖం పూర్తికాలేదు, ఇక ఈ పని నీది.

నియమం ప్రకారం అక్కడితో నోరు మూసుకోవాలి. మూసుకోలేదు. "ఏం చేస్తావు దీన్ని?" అని అడిగాను.

"తెలీదక్కా. ముందు ఈ మొకం తియ్యాల."

"ఆహ్వానపత్రంలో నీ పేరు అచ్చువెయ్యమంటావా?"

"బొమ్మ వొచ్చినప్పుడు సూసుకోండి." వల మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ అడిగాడు. "నువ్వేటి ఏత్తన్నావక్కా, ఇప్పుడు?"

ఆ ప్రశ్న నన్ను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. ఏమీ వెయ్యడం లేదని చెప్పాను. అతను తలూపాడు. వీడ్కోలు చెప్పకుండానే లేచి, బొమ్మ తీసుకుని ఇంటి లోపలికి వెళ్ళాడు. ఆటో కొబ్బరితోట మలుపు తిరుగుతుండగా వెనకనుంచి చప్పుడు వినిపించింది. ఇనుము రాయికి తగిలే చప్పుడు, ఆగి ఆగి. ఆటో ఆపమన్నాను. మళ్ళీ వినిపించేదాకా ఉండి, అప్పుడు పోనిమ్మన్నాను.

పలాస స్టేషన్లో సాయంత్రం ఐదు దాటాక విశాఖ వైపు వెళ్ళే రైలు దొరికింది. జనరల్ టికెట్టు వంద లోపే. ఖాళీ సంచిని మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పొద్దున్నుంచి మోసిన బరువు లేకపోతే తేలిగ్గా ఉంటుందనుకున్నాను, అలా ఏమీ లేదు. చెయ్యి మాటిమాటికీ కాళ్ళ దగ్గర తడుముతూనే ఉంది. పెద్దాయనకి ఫోన్ చేసి దాలయ్య పేరు తియ్యొద్దని, హాల్లో ఒక పీట ఖాళీగా ఉంచమని చెప్పాను. వస్తున్నాడా అని అడిగారు. తెలియదన్నాను. మూడేళ్ళ తరవాత ఆ మనిషి ఉలి పట్టుకున్నది నేను వేసిన ముఖాన్ని చెరపడానికి. ఇంతకంటే నాకు దక్కాల్సింది లేదు. అయినా ఆ చప్పుడు తలుచుకుంటే ఇల్లు చేరేదాకా ధైర్యంగానే అనిపించింది. తాళం తీసి చూస్తే బొమ్మ ఉండే చోట గుండ్రటి దుమ్ము గుర్తు మిగిలింది. దాన్ని తుడవలేదు.

ఉద్దానం వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగిన సలహా ఒకటే. ఆ తీరం నుంచి వచ్చిన దేని మీదైనా తెల్లటి గీత కనిపిస్తే, అదేమిటని ఇచ్చినవాళ్ళని అడగండి. అడగడానికి మొహమాటమైతే, చెయ్యి వేసేముందు నాలుకతో తాకి చూడండి.