బడి గోడ మీద మా అమ్మ

మా చిన్నప్పుడు... తొంభైల చివర, దర్శి దగ్గర మా ఊళ్లో ఎండాకాలం వస్తే మిరప కల్లాలు ఎర్రగా పరుచుకునేవి. అమ్మ అక్కడ రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలికి వెళ్లేది. పేరు మరియమ్మ.

నేను ఏడో తరగతిలో ఉన్నాను. మా డ్రాయింగు మాస్టారు కరీముల్లా గారు ఓ రోజు పాత పుస్తకంలో బొమ్మ చూపించారు. ఎక్కడో ఎండలు మండే దీవి... ఇద్దరు నల్లటి ఆడవాళ్లు నేల మీద కూర్చున్నారు. ఇసుక గులాబీ రంగు, నీళ్లు పసుపు.

"నీళ్లు పసుపేంటండీ?" అన్నాను.

"గీసినాయన ఫ్రాన్సు నుంచి అంతదూరం పోయాడమ్మా. ఆయన మనసుకి అట్టా తోచినయ్. మనకీ ఎండుంది, మనుషులున్నారు... గీసేవాళ్లే లేరు."

ఆ శనివారం మాస్టారు కల్లానికి వచ్చి, అమ్మను అడిగి, ఆమె పని చేసుకుంటుండగానే గీసుకున్నారు. తర్వాత వారం రోజులు బడి గోడ మీద రంగులు వేశారు. ఎర్రటి నేల, పసుపు ఆకాశం, మధ్యలో అమ్మ... నల్లగా, నిండుగా.

పిల్లలు నవ్వారు. బడి కమిటీ పెద్ద ఒకాయన, "దేశనాయకుల్ని వెయ్యాల్సిన గోడ మీద కూలిదాన్ని వేస్తారేంటండీ? సున్నం కొట్టించండి" అన్నాడు. మాస్టారు రంగు డబ్బాలు సర్దుకున్నారు. నాకు సిగ్గేసింది... ఆ బొమ్మ ఇంకెవరిదైనా బాగుండుననుకున్నాను.

సంగతి తెలిసి అమ్మ బడికొచ్చింది. గోడ ముందు చాలాసేపు నిలబడింది.

"నన్నెవురూ ఇంత నిదానంగా చూళ్లేదు మాస్టారూ. సున్నం కొట్టండి... ఒక్క పూట ఆగండి. మావాళ్లకి చూపిచ్చుకుంటా."

మర్నాడు పొద్దున్నే కల్లం కూలీలంతా వచ్చారు. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలామె వేళ్లతో గోడ తడిమి, "నన్నూ వెయ్యి నాయనా" అంది. పక్కనే ఉన్న కమిటీ పెద్ద మళ్లీ సున్నం మాట ఎత్తలేదు.

బొమ్మ నాలుగేళ్లు ఎండకీ వానకీ నిలిచింది. అమ్మ అంతకన్నా ముందే జబ్బుచేసి పోయింది. ఆ రోజు నేను సిగ్గుపడ్డానని తనకు చెప్పనే లేదు...

ఇప్పుడు అక్కడ కొత్త బడి. మొన్న వెళ్తే కల్లంలో ఆడవాళ్లు సెల్‌ఫోన్లో తమ ఫొటోలు తామే తీసుకుంటున్నారు. నిలబడి చూశాను... బొమ్మ వెయ్యమని ఎవరినీ అడగక్కర్లేని రోజులొచ్చాయి, అమ్మే లేదు.

మీ అమ్మను మొదటిసారి ఎవరు గీశారు, ఎవరు ఫొటో తీశారు? గుర్తుంటే రాయండి... చదువుతాను.