మూడు వందల అడుగుల ఎత్తులో ఒక మాట

మొన్న పెనుగొండలో మా ఆడపడుచు మనవరాలి ఓణీల వేడుకకు వెళ్లాను. భోజనాలయ్యాక సత్రం హాల్లో నలుగురు ఆడవాళ్లు సుద్దముక్కతో గడులు గీసి అష్టాచెమ్మా మొదలుపెట్టారు. గవ్వలు నాపరాళ్ల మీద గలగలా పడ్డాయి. నా దవడ బిగుసుకుంది. "ఏంటండి, పన్ను నొప్పా?" అని పక్కావిడ అడిగింది. కాదన్నాను. ఆ చప్పుడు వింటే నాకు కొవ్వూరులో ఒక వరండా, ఒక వంతెన, నా నెత్తిన పెట్టిన నలభై ప్రాణాలు గుర్తొస్తాయి. వంతెన కాగితం మీదిదే. నింద మాత్రం నిజమైనది.

ఆ వరండా వీరభద్రరావు గారిది. ఆయన వైమానిక దళంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి వచ్చారు. విమానం నడపలేదు, విమానాల రెక్కల కింద బాంబులు, రాకెట్లు, క్షిపణులు తగిలించేవారు. బడిలో ఎన్నడూ పాఠం చెప్పకపోయినా అందరూ ఆయన్ని మాస్టారు అనే పిలిచేవారు. బ్యారక్స్‌లో ఉండగా ఆయన ఒక ఆట నేర్చుకున్నారు. బల్ల చుట్టూ కూర్చుని ఆడతారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెప్పాలి. అది ఫలిస్తుందో లేదో పాచికలు తేలుస్తాయి. మాస్టారి పాచికలు ఏదో బదిలీలో పోయాయట. వాటి బదులు ఆరు గవ్వలు వాడేవారు.

మా ఆటలో మేమంతా ఒక కల్పిత దేశపు విమానదళం. ఆయుధానికో కార్డు ఉండేది. బరువు ఎంత, ఏ ఎత్తు నుంచి వేయాలి, ముక్కలు ఎంత దూరం ఎగురుతాయి అన్నీ మాస్టారే పాత శుభలేఖల వెనక గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. ఇటు తిప్పితే చిరంజీవి ఫలానా, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి ఫలానా. అటు తిప్పితే రెండు వందల యాభై కిలోల బాంబు.

నన్ను అక్కడికి తీసుకెళ్లింది మా హైస్కూలు సైన్సు మాస్టారు రాంబాబు. నేను అదే బడిలో తెలుగు పండిట్‌ని. మొదటి రెండు నెలలు నన్ను కోపైలట్‌గానే ఉంచారు. "టీచరుగారు ఇంకా చూసి నేర్చుకుంటున్నారు" అని రాంబాబు అందరి ముందూ అన్నాడు. అందరూ అంటే మాస్టారు, ఆయన భార్య సుభద్రగారే అనుకోండి. అయినా అన్నాడు.

నేర్చుకున్న మాట మాత్రం నిజం. బాంబు ముక్కున చిన్న పంకా ఉంటుందని, విమానం నుంచి విడిపోయాక గాలికి అది ఇన్ని చుట్లు తిరిగితేగానీ బాంబు మేలుకోదని, మరీ కిందనుంచి వేస్తే నిద్రలోనే నేలకు తగిలి పేలకుండా పడుంటుందని వీరభద్రరావు మాస్టారే చెప్పారు. బాంబు తగిలిందని రాంబాబు చప్పట్లు కొడితే ఊరుకునేవారు కాదు. "కింద ఏం జరిగిందో చెప్పండి సార్, ఆ తర్వాత కొడుదురుగాని" అనేవారు. ఎవరు వేస్తే వాళ్లు కింద పడ్డ గోడలు, తెగిన తీగలు, పరిగెత్తిన గొడ్లు అన్నీ చెప్పాలి. ఆట ఆటలా ఉండనివ్వరేమని ఒకసారి అడిగాను.

"మాకు కిందది ఎప్పుడూ కనపడలేదు టీచరుగారూ. పొద్దున్న తగిలించి పంపేవాళ్లం. రెక్క ఖాళీగా తిరిగొచ్చేది. మాకు తెలిసిందంతా అంతే" అన్నారు.

నాకు పైలట్ పదవి దక్కిన ఆదివారమే ఆ గొడవ జరిగింది. శత్రువుల లారీలు దాటకుండా ఒక వంతెన కూల్చాలి. వంతెన మీద ఎవరో కదులుతున్నారని మాస్టారు చెప్పారు. ఎవరో చూడాలని మూడు వందల అడుగులకు దిగాను. బండ్లు, పిల్లలు, ముసలివాళ్లు, మొత్తం ఓ నలభై మంది. ముందు నడుస్తున్నది పోలమ్మ. పోలమ్మ అంటే సుభద్రగారు మూడేళ్లుగా ఆడుతున్న పాత్ర, ఆ లంకల్లో పడవ నడిపే మనిషి.

"వంతెన మీదకొచ్చేశారు. ఏం చేస్తారండి?" అన్నారు మాస్టారు.

"వదిలేశానండి" అని కాఫీ గ్లాసు అందుకున్నాను.

మాస్టారు గవ్వలు వేశారు. ఆరూ వెల్లకిలా పడ్డాయి. "నడిమధ్యన తగిలింది. వంతెన పోయింది" అన్నారు.

"ఏంటండీ తగిలేది? నేను వాళ్లని వదిలేశానన్నాను!"

"బాంబు వదిలేశాననే విన్నానండి. మీ చెయ్యి బటన్ మీదే ఉందికదా."

"నా చెయ్యి కాఫీ గ్లాసు మీద ఉందండి!"

రాంబాబు పగలబడి నవ్వాడు. "తెలుగు పండిట్ గారి తెలుగు అర్థం కాలేదండోయ్" అన్నాడు. సుభద్రగారు నవ్వలేదు. కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. "పోన్లెండి, ఏదో ఆటేకదా" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ "పోన్లెండి" నాకు రాంబాబు నవ్వుకంటే ఎక్కువ గుచ్చుకుంది. తెలియక చంపానని ఆవిడ నన్ను క్షమించేస్తున్నారు. నేను చంపలేదు. ఆ మాట మాస్టారి నోట రావాలి. నాకు కావలసింది అదొక్కటే.

పదకొండు ఆదివారాలు వెళ్లలేదు. బడిలో రాంబాబుతో మాట్లాడలేదు. నేను ఎత్తి రాసుకున్న కార్డులు ముందేసుకుని కూర్చుంటే ఒకరోజు దొరికింది. ఆ బాంబు మేలుకోవాలంటే ఎనిమిది వందల అడుగులు కావాలి. నేనున్నది మూడు వందలలో. ఆయన లెక్క ప్రకారమే అది పేలకూడదు. నాలుగు పేజీల ఫిర్యాదు రాసి తీసుకెళ్లాను.

"ఏవండోయ్, టీచరుగారు పిటిషన్ తెచ్చారు" అని సుభద్రగారు కేక వేశారు.

"కోర్టు స్టాంపు అంటించారా అమ్మా?" అంటూ మాస్టారు వచ్చారు. నాలుగు పేజీలూ చదివారు. కార్డు తీసి చూశారు. ముఖం మీద నవ్వు పోయింది. "ఎత్తు చూడలేదు. తప్పు నాదండి" అని ఫిర్యాదు కిందే రాసి సంతకం పెట్టారు. "సుభద్రా, నీ పోలమ్మ బతికే ఉంది" అన్నారు. వంటింట్లో ఏదో గిన్నె చెయ్యి జారిన చప్పుడైంది.

నాకది చాలలేదు. "ఎత్తు సంగతి సరే. మాట సంగతేంటండి? వదిలేశాను అంటే ఏమిటో మీరు నన్ను తిరిగి అడగాలా వద్దా?" అన్నాను.

ఆయన గవ్వలు తీసి పక్కన పెట్టారు. తర్వాత అప్పలరాజు గారి గురించి చెప్పారు. తునివాడు. ఆ యూనిట్‌లో వీళ్లిద్దరే తెలుగువాళ్లు. పనిలో ఉన్నంతసేపు ఇంగ్లీషు ఆర్డర్లే వాడాలని నియమం. ఇద్దరికీ ఒకే రెక్క కింద పని పడితే ఆ నియమం గాలికి పోయేది, ఊరి కబుర్లే. ఒకరోజు సిమెంటు నింపిన ప్రాక్టీసు బాంబును పైకి లేపుతున్నారు. తాడు చుట్టే పిడి మాస్టారి చేతిలో ఉంది. అప్పలరాజు కొక్కెం దగ్గర చెయ్యి పెట్టి సరిచేస్తున్నాడు.

"అది కాస్త వంకరగా కూర్చుంది. ఇంకోసారి బిగించనా అని అడిగాను. 'వదిలెయ్యరా' అన్నాడు. వాడి ఉద్దేశం పర్వాలేదు, ఉండనీ అని. నేను పిడి వదిలేశాను." ఆయన తన కుడిచేతి మూడు వేళ్లు ఎడమ చేత్తో పట్టుకుని, వాడికి పోయినవి ఇవేనని చూపించారు. "ఇంగ్లీషువాళ్లకయితే జరగదండి ఇది. మేం తెలుగువాళ్లం కాబట్టి జరిగింది."

నా ఫిర్యాదు మడిచి నా వైపు జరిపారు.

"అర్థమైపోయిందనుకున్నాను టీచరుగారూ. తిరిగి అడగాల్సింది. అప్పుడూ అడగాల్సింది, మొన్న మిమ్మల్నీ అడగాల్సింది."

పదకొండు వారాలు ఎదురుచూసిన మాట అది. అందుకోవడానికి చేతులు రాలేదు.

పేలని బాంబు వంతెన మీదే ఉంది. దాన్ని నేనే తీయాలన్నారు మాస్టారు. తర్వాతి మూడు ఆదివారాలూ నేను పోలమ్మతో కలిసి దాన్ని తాళ్లతో కింద ఇసుకలోకి దించాను. నేను చెప్పిన ప్రతి మాటనూ సుభద్రగారు తిరిగి చెప్పాలి, నేను అవునన్నాకే కదలాలి. రాంబాబు విసుగెత్తి ఒక వారం మానేశాడు. బాంబు ఇసుకలో కూర్చున్న రోజు మాస్టారు గవ్వలు వేయనే లేదు. వేయాల్సిన పని మిగలలేదన్నారు.

ఆయన పోయి రెండేళ్లయింది. కార్డులు సుభద్రగారి దగ్గరే ఉన్నాయి. నా దగ్గర ఆ సంతకం పెట్టిన ఫిర్యాదు ఉంది.

పోయిన వేసవిలో గాలివానకు మా బడి ముందు కరెంటు తీగ తెగింది. ఒకాయన స్తంభం ఎక్కి తీగ ముడివేస్తున్నాడు. ఇంకొకాయన కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడి తాడు అందించమంటావా అని అరిచాడు. పైనుంచి "వదిలెయ్!" అని జవాబొచ్చింది. కిందాయన స్విచ్చు వైపు తిరిగాడు. మా ఊళ్లో కరెంటు వదలడమంటే సరఫరా ఇవ్వడమని అందరికీ తెలుసు.

"ఏది వదలమన్నాడో అడగండి!" అని గేటు దగ్గరనుంచి అరిచాను. నా గొంతు అంత ఉందని నాకే తెలియదు.

"మీకెందుకమ్మా మా పని?" అన్నాడు. అయినా ఆగి అడిగాడు.

"తాడు సంగతి వదిలెయ్ అన్నాన్రా బాబూ!" అన్నాడు పైనున్నాయన.

కిందాయన స్విచ్చు దగ్గరనుంచి పక్కకు జరిగాడు. పని అయ్యాక నా ముందునుంచే వెళ్తూ, "ఈ టీచరమ్మకి అన్నీ కావాలి" అని కిందాయన అనడం వినబడింది. థాంక్స్ చెప్పలేదు. అది నేను మరచిపోను. స్తంభం మీద మనిషి ఉండగా ఆ మాట వాడకూడదని, చెప్పిన మాట తిరిగి చెప్పించాకే స్విచ్చు ముట్టుకోవాలని కరెంటు ఆఫీసుకు రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. ఈ వారం మూడోది పంపాను. అందులో అప్పలరాజు గారి వేళ్ల సంగతి కూడా రాశాను.