ఆర్డిస్ కొనుక్కున్న పొట్టి గరాండ్

ఆర్డిస్ వాయిట్ ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. ఆ అంగుళం సంగతి ఎవరైనా ఎత్తారా, ఆవిడకు ముక్కు మీదే ఉంటుంది కోపం. ముప్పై ఒక్కేళ్లుగా పాల ట్యాంకరు నడుపుతోంది. పొద్దు పొడవకముందే బయలుదేరి పదిహేడు డెయిరీలు తిరిగి, పాలు ఎక్కించుకుని, జున్ను ఫ్యాక్టరీలో దింపేసి, మధ్యాహ్నం భోజనం వేళకు ఇంటికి చేరుతుంది. సీటు మీద దిండు వేసుకుంటే తప్ప ఆవిడ తల స్టీరింగు పైకి కనిపించదు. దిండెందుకని కొత్తవాళ్లెవరైనా అడిగితే "నడుం నొప్పి" అంటుంది. ఆవిడకు ఏ నడుం నొప్పీ లేదన్న సంగతి అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆ చుట్టుపక్కల ఆవులకు కూడా తెలుసు.

మొగుడు నార్బ్‌కు చేపల పిచ్చి, ఆవిడకు గురి పిచ్చి. శనివారం వచ్చిందంటే ఆయన పడవలో, ఆవిడ టామరాక్ రైఫిల్ క్లబ్బులో. పదేళ్లుగా సన్న తూటా పేల్చే తేలిక రైఫిల్‌తో కాలుస్తోంది, బాగానే కాలుస్తోంది. క్లబ్బు జట్టుకు కెప్టెన్ డ్యువేన్ ప్రొహాస్కా మాత్రం దాన్ని ఎలుకల తుపాకీ అనేవాడు.

క్లబ్బుకు అసలు పండగ ఆగస్టులో జరిగే రాష్ట్రం పోటీ. అందులో పాత సైన్యం రైఫిల్ గరాండ్ ఒక్కదానికే చోటు. దాని తూటా చూపుడు వేలంత ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ తుపాకీ పేలుతుంది, ఖాళీ తూటా తొడుగును తనే విసిరేసి కొత్త తూటాను తనే లోపలికి తెచ్చుకుంటుంది. ఎనిమిదోది పేలగానే తూటాలను పట్టి ఉంచిన ఇనుప క్లిప్పు టింగుమని పైకెగురుతుంది. క్లబ్బుకు నలుగురి చొప్పున వెళ్తారు. టామరాక్ నుంచి పంతొమ్మిదేళ్లుగా అదే నలుగురు, అందరూ మగవాళ్లే. దారిలో వాళ్లు తినడానికి పదేళ్లుగా శాండ్‌విచ్‌లు కట్టి ఇస్తున్నది ఆర్డిస్. ఇక చాలనిపించింది. ఆ నలుగురిలో తనూ ఒకరు కావాలి, అంతే.

అడ్డం వచ్చింది కొలత. డ్యువేన్ ఒకసారి తన గరాండ్ చేతికిచ్చి చూడమన్నాడు. వేలు ట్రిగ్గర్‌కు అందితే కన్ను గురి చూసే సైటుకు అందలేదు. మెడ చాచి కన్ను అందిస్తే, భుజానికి ఆనాల్సిన తుపాకీ వెనక చివర, అదే మడమ, జబ్బ మీదికి జారింది. నాలుగు సార్లు పేల్చేసరికి జబ్బ నేరేడు పండులా కమిలింది.

"నువ్వు తుపాకీని పేల్చావా, తుపాకీ నిన్ను పేల్చిందా?" అన్నాడు నార్బ్, ఆ సాయంత్రం ఇంట్లో ఐసు గడ్డలు తువ్వాల్లో చుట్టి పెడుతూ.

అంతకుముందు క్లబ్బులో డ్యువేన్ అయితే నవ్వాపుకోలేకపోయాడు. "దాన్ని మగాళ్ల కొలతకి చేశారు ఆర్డిస్. నేనేం చెయ్యను? పోయి ఆర్మీ వాళ్లనడుగు."

"నా కొలత తీసుకుని చేసుంటే యుద్ధం ఇంకో ఏడాది ముందే అయిపోయేది," అంది ఆర్డిస్.

ఏప్రిల్‌లో సంతమైదానం షెడ్డులో తుపాకుల బజారు పెట్టారు. ఆర్డిస్‌ను అక్కడికి వెంటబెట్టుకెళ్లినవాడు ఆర్విల్ టెష్. క్లబ్బులో ఎనభై దాటిన మనిషి. కుర్రతనంలో కొరియా యుద్ధంలో, ఆ చలిలో ఇదే రైఫిల్ మోసినవాడు. బల్లల మీద గరాండ్‌లు వరసగా పెట్టి ఉన్నాయి. డ్యువేన్ అప్పటికే అక్కడ ఉన్నాడు. చెక్క మీద చారలు చూస్తున్నాడు, సైన్యం ముద్ర చెరిగిందా లేదా అని కళ్లద్దాలు తుడిచి మరీ చూస్తున్నాడు.

"చెక్కని చూసి మోసపోకు," అని ఆర్విల్ చొక్కా జేబులోంచి మందు లేని ఉత్తుత్తి తూటా తీశాడు. దాని ముక్కును గొట్టం మూతిలో పెట్టి చూపించాడు. "మొత్తం లోపలికి పోయిందనుకో, గొట్టం అరిగిపోయినట్టు. ముక్కు సగం బయటే ఆగితే ఇంకా పనికొస్తుందన్నమాట. మిగతాదంతా సోకు."

అద్దంలా మెరిసే మూడు రైఫిళ్లు తూటాను అమాంతం మింగేశాయి. చివరి బల్ల మీద ఒకటుంది, దాని వైపు ఎవరూ చూడటం లేదు. చెక్కంతా పశువుల కొట్టానికి వేసే ఎర్ర రంగు. వెనక మడమను రంపంతో ఒకటిన్నర అంగుళాలు కోసేసి, మీద రబ్బరు మెత్త బిగించారు. మంచి సైన్యం రైఫిల్‌ను ఇంట్లో రంపమూ రంగు డబ్బా పెట్టుకుని పాడుచేసే మనిషిని అక్కడివాళ్లు బబ్బా అంటారు. వాడి అసలు పేరేదైనా సరే. ఆ మాట పడిన తుపాకీని పరువున్నవాళ్లెవరూ ముట్టుకోరు.

ఆర్డిస్ ముట్టుకుంది. ఎత్తి భుజానికి ఆనించింది. చెంప చెక్క మీద ఆనింది, కన్ను సైటు వెనక నిలిచింది, వేలు ట్రిగ్గర్ మీద పడింది. మూడూ ఒక్కసారే. ఎప్పుడో ఎవడో బబ్బా తన పెళ్లాం కోసం కోసి ఉంటాడు. ఆ పెళ్లాం ఎవరో గానీ సరిగ్గా ఆర్డిస్ ఎత్తే. ఆర్విల్ తూటా పెట్టి చూశాడు. ముక్కు సగానికి పైగా బయటే ఆగిపోయింది. ముసలాయన కనుబొమలు పైకెత్తాడు.

"అది బబ్బా తుపాకీ ఆర్డిస్!" అన్నాడు డ్యువేన్ వెనకనుంచి. "పొయ్యిలో పెట్టడానికి కూడా పనికిరాదు, రంగు కంపు కొడుతుంది."

"నీదాన్ని నువ్వు గోడకి తగిలించుకో. నాదాన్ని నేను పేల్చుకుంటా," అని ఆర్డిస్ సగం ధరకే దాన్ని ఇంటికి తెచ్చుకుంది.

పోటీలో రబ్బరు మెత్త కుదరదు కాబట్టి ఆర్విల్ దాన్ని పీకేసి పాత ఇనుప పలక బిగించాడు. మడమ పొట్టిగా ఉండకూడదని నియమం ఎక్కడైనా ఉందేమోనని డ్యువేన్ పుస్తకమంతా గాలించాడు. లేదు. మే నుంచి జూలై దాకా ఆర్డిస్‌కు తెల్లవారుజామున పాలు, మధ్యాహ్నం గురి. నిలబడి కాల్చడమే అన్నిటికన్నా కష్టం. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనించి, సగం ఊపిరి వదిలి, మిగతా సగం పట్టి ఉంచాలి. ఇంకొక అలవాటు కూడా ఆర్విల్ ఆవిడ తలకెక్కించాడు.

"పేలిన క్షణంలో సైటు ఎక్కడుందో నీ కన్ను చూడాలి. ఇంకెవరూ చూసి చెప్పకముందే తూటా ఎక్కడ పడిందో నోటితో చెప్పాలి. ముందు పాయింట్లు, తర్వాత ఏ పక్కో గడియారంలో ముల్లులా చెప్పు. చెప్పలేదనుకో, నువ్వు పేల్చినట్టు కాదు, అదే పేలినట్టు."

జూలై మూడో శనివారం క్లబ్బులో ఎంపిక పోటీ పెట్టారు. మొదటి నలుగురు రాష్ట్రం పోటీకి వెళ్తారు. మొత్తం తొమ్మిదిమంది దిగారు. పెనం మీద సాసేజ్‌లు చిటపటమంటున్నాయి. దోమలు మనుషుల్ని తమ భోజనమనుకుంటున్నాయి. నార్బ్ చేపలు మానుకుని వచ్చాడంటే విషయం ఎంత పెద్దదో అందరికీ అర్థమైంది. రెండు వందల గజాల అవతల మట్టికట్ట, దాని వెనక గోతిలో మనుషులు. తూటా పడగానే టార్గెట్‌ను కిందికి లాగి, రంధ్రంలో బిళ్ల గుచ్చి మళ్లీ పైకి లేపుతారు. నట్టనడుమ పడితే పది పాయింట్లు, పక్కకి పోయేకొద్దీ తక్కువ. ఒక్కో టార్గెట్ మీద ఒక్కో నంబరు. డ్యువేన్‌ది ఐదు, పక్కనే ఆర్డిస్‌ది ఆరు. ఆ ఇద్దరి లెక్కా రాయడానికి ఆర్విల్ వెనక స్టూలు వేసుకున్నాడు.

పడుకుని నిదానంగా పది. పడుకునే గబగబా పది, వరసంతా టింగు టింగుమని క్లిప్పులు ఎగిరాయి. ఆ రెండింట్లో ఎర్ర రంగు పొట్టి గరాండ్ ఆర్డిస్ భుజాన పసిపిల్లలా ఒదిగిపోయింది. ఆఖరున నిలబడి పది. ముగ్గురు పాయింట్లలో ముందే చాలా దూరం వెళ్లిపోయారు. నాలుగో చోటు డ్యువేన్‌కో ఆర్డిస్‌కో. ఏటా మొదటివాడుగా వచ్చే డ్యువేన్ ఈసారి నాలుగో చోటుకి పడిపోవడం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. ఆయన మాటిమాటికీ కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. ఆఖరి తూటాకు ముందు ఆర్డిస్ వెనక్కి చూస్తే నార్బ్ ఎనిమిది వేళ్లు చూపించాడు. ఎనిమిది పాయింట్లు వెనకబడింది. డ్యువేన్ కళ్లు మూసుకుని పేల్చినా ఇక తనకు అందడనుకుంది, అయినా తుపాకీ ఎత్తింది.

రెండు రైఫిళ్లూ దాదాపు ఒక్కసారే పేలాయి.

"ఏడు. ముల్లు ఏడు మీద," అంది ఆర్డిస్, దిగాలుగా. తూటా వెళ్లే క్షణంలో గొట్టం ఎడమకు కిందికి జారడం ఆవిడ కన్ను చూసింది.

ఆరో నంబరు కిందికి పోయి పైకొచ్చింది. దాని మీద బిళ్లలు రెండు. ఒకటి కింద ఎడమ పక్క, ఏడు. రెండోది నట్టనడుమ, పది. ఐదో నంబరు కదలనేలేదు.

"ఐదు మార్క్ చెయ్యమనండి! మంచి తూటా అది!" అని అరిచాడు డ్యువేన్.

గోతిలోంచి రేడియోలో జవాబొచ్చింది. "ఐదులో కొత్త రంధ్రం లేదు."

ఆర్విల్ పెన్సిల్ ఆపేశాడు. "ఒక బోర్డు మీద రెండుంటే, తనదేదో కాల్చినవాళ్లు చెప్పలేకపోతే, పెద్దదే ఇవ్వాలి. అది రూలు," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "ఏది రాయమంటావు ఆర్డిస్?"

పది రాస్తే డ్యువేన్‌ను రెండు దాటుతుంది. ఏడు రాస్తే ఒక్కటి తక్కువవుతుంది. చెప్పలేననేస్తే సరిపోతుంది, చిన్న మాట. పదేళ్ల శాండ్‌విచ్‌లు, కమిలిన జబ్బ, మూణ్ణెల్ల మధ్యాహ్నాలు అన్నీ గుర్తొచ్చాయి.

"ముందే చెప్పాగా. ఏడే నాది," అంది. "ఆ పది డ్యువేన్‌ది. నా బోర్డు మీద కొట్టాడు."

పక్కవాడి బోర్డు మీద కొట్టిన తూటాకు సున్నా. కెప్టెన్ సున్నా కొట్టాడని వరసంతా గొల్లుమంది. అయినా ఒక్క పాయింటుతో నాలుగో చోటు ఆయనదే. ఆర్డిస్ తుపాకీ ఖాళీ చేసి, తెరిచి చూపించి, రాక్‌లో పెట్టి, షెడ్డు వెనక్కి నడిచింది. అక్కడ నిలబడి తన నోటిని తనే నానా తిట్లూ తిట్టుకుంటూ ఏడ్చింది.

డ్యువేన్ వెతుక్కుంటూ వచ్చాడు. టోపీ చేతిలో ఉంది.

"ఆర్డిస్, బోర్డు మీద ఐదూ ఆరూ నాకొకటే ముద్దలా కనిపిస్తున్నాయి," అన్నాడు గొంతు తగ్గించి. "చలికాలం నుంచి ఇంతే."

"డాక్టరుకి చూపించావా?"

"ఏం చెప్తాడోనని వెళ్లలేదు." టోపీ అటూ ఇటూ తిప్పాడు. "రాష్ట్రం పోటీలో నలభై బోర్డులుంటాయి. నా తూటా ఎటు పోయిందో నాకే తెలీదు. నీకు తెలుసు. తెలిసి, నీకే నష్టమైనా చెప్పావు. నువ్వెళ్లు."

"నా మీద జాలితో ఇస్తే నాకక్కర్లేదు."

"జాలా, నీ మీదా? నీ తుపాకీని చూస్తే జాలి."

ఆర్డిస్‌కు ఏడుపులోనే నవ్వొచ్చింది. "సోమవారం పాలు దింపేసి వస్తా, డాక్టరు దగ్గరికి వెళ్దాం. రానంటే ట్యాంకరులో పడేసి తీసుకెళ్తా."

"సరేలే," అన్నాడు డ్యువేన్. ఇన్నేళ్లలో ఆయన ఆవిడ మాటకు ఎదురు చెప్పకపోవడం అదే మొదలు.

జట్టు కాగితం షెడ్డు గోడకు మేకులు కొట్టి ఉంది. మూడు పేర్లు రాసి ఉన్నాయి. నాలుగో గీత దగ్గర డ్యువేన్ పెన్సిల్ పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. ఆ గీత ఆయన కంటికి దొరకడం లేదని ఆర్డిస్‌కు అర్థమైంది. గీత మీద తన వేలు ఆనించింది. ఆ వేలి పక్కనుంచి డ్యువేన్ మెల్లగా, ఒక్కో అక్షరమే, ఆవిడ పేరు రాశాడు.