సందు వదిలిన టంకం

నా పేరు సంజీవయ్య. ఉయ్యాలవాడ మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆళ్లగడ్డలో నా రేడియేటర్ల షెడ్డు తెలియని ట్రాక్టరు డ్రైవరు లేడు. గడివేములలో నేను టంకం పోసిన ఒక ట్రాక్టరుకు ఓనరు మారాడు, ఇంజను మారింది, నా అతుకు మాత్రం మారలేదు. అవుకు దగ్గర పొగలు కక్కుతూ ఆగిపోయిన పెళ్లి బస్సును పెళ్లికొడుకు కళ్ల ముందే బాగుచేసి ముహూర్తానికి పంపాను. నా టంకం పడిన చోట చుక్క నీరు కారదు. ఇది గొప్ప కాదు, ఉన్న మాట.

ఈ మధ్య మా చర్చి ఆంప్లిఫైయర్ చెడిపోయింది. కోతకాల పండుగ దగ్గరపడింది. ఆ రోజు అందరూ దేవునికని తెచ్చిన గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం మైకులో వేలం వేయాలి. మైకు సెట్లు అద్దెకిచ్చే ఎడ్విన్ చర్చిలో అందరి ముందూ తన సెట్టు తెస్తానన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "అద్దెదెందుకప్పా? కిట్టు తెచ్చి నేనే చేస్తా."

"మామా, రేడియేటరుకూ రేడియోకూ పేరు కలుస్తాదేమో గానీ పని కలవదు" అన్నాడు ఎడ్విన్.

చర్చి అంతా నవ్వింది. నా భార్య లూదియా కూడా నవ్వింది. దాంతో నాకు పంతం వచ్చింది.

"నా పెట్టె పలకలేదంటే నీ సెట్టు నేనే నెత్తిన పెట్టుకొని మోసుకొస్తా, పో" అన్నాను. అన్నాక గానీ తెలియలేదు, అదే జరిగితే ఇక ప్రతి పండుగకూ నన్నే తలుచుకొని నవ్వుతారని.

నంద్యాలలో మాధురి నడిపే ఎలక్ట్రానిక్స్ కొట్లో ఆంప్లిఫైయర్ కిట్టు కొన్నాను: ఒక బోర్డు, విడి ముక్కలు, ఎలా అతకాలో చూపే కాగితం. కాగితంలో చూపినట్టే ఒక్కొక్క ముక్క కాళ్లనూ బోర్డు రంధ్రాల్లో దింపాను. బోర్డు తిప్పి టంకం మొదలుపెట్టాను. అన్నీ పక్కపక్కనే చిన్న చుక్కలు, వాటి మధ్య సందులు. సందు కనబడితే నా చేయి ఊరుకుంటుందా? అన్నిటినీ నిండుగా, నున్నగా పూడ్చేశాను. వెండి పళ్లెంలా మెరిసింది. లూదియాను పిలిచి చూపించాను.

"బాగుందయ్యా. దీంట్లో నీళ్లు పోస్తారా ఏందీ?" అంది.

స్విచ్చి వేశాను. ఫ్యూజు టప్పుమని పోయింది.

పండుగ ఇంక రెండు రోజులే ఉంది. తెల్లారగానే లూదియా, నేను పెట్టె పట్టుకొని బస్సెక్కి నంద్యాల పోయాం. మాధురి బోర్డు తిప్పి చూస్తుంటే, అవుకు పెళ్లి బస్సు సంగతి చెబుతూ కూర్చున్నాను.

"తాతా, రవ్వంతసేపు ఆగు!" అంది ఆ పిల్ల. "కరెంటు నీళ్ల మాదిరి కాదు. సందు పూడిస్తే అది అడ్డదారిన పోతాది. ఈ సందులుంటేనే బోర్డు పని చేసేది. నువ్వు చెరువుకట్ట వేసినట్టు వేసినావు గదా!"

"మాటల్లో గూడా అంతేమ్మా" అంది లూదియా. "పెండ్లయినకాడ నుంచి నాకు సందిచ్చిందే లేదు."

"నేను తీసిస్తా, ఈడ పెట్టు తాతా."

"వేసినోడే తీయాల బిడ్డా. సామాను ఇయ్యి."

సన్నని రాగి తీగల జడ ఒకటి ఇచ్చింది. దాన్ని టంకం మీద ఒత్తి, వేడి తగిలిస్తే, కరిగినదంతా పీల్చుకుంటుంది. టంకం పోయడం చాలామందికి వస్తుంది, తీయడం పెద్ద విద్య. అది కూడా నాకు వచ్చేసింది. ఒక్కొక్క సందులో బోర్డు పచ్చగా బయటపడింది. ముందే పోయిన ఫ్యూజు మిగతా ముక్కల్ని కాపాడిందని చెప్పి, మాధురి కొత్తది వేసింది. మైకులో "హలో" అన్నాను. స్పీకరు నాకంటే గట్టిగా అంది.

ఆదివారం పండుగలో, వేలానికి ముందు, ఈ పెట్టె పుట్టుక గురించి నాలుగు మాటలు చెబుదామని మైకు పట్టుకున్నాను. గడివేముల ట్రాక్టరుతో మొదలుపెట్టి, అవుకు చేరేలోపే లూదియా మైకు లాక్కుంది.

"గుమ్మడికాయ! ఎవరప్పా పాడేది?"

చర్చి బయట, గేటు దగ్గర తన బండి మీద కూర్చున్న ఎడ్విన్ చెయ్యెత్తి మొదటి పాట పాడాడు.

అంటే అంత దూరం వినబడిందనే గదా.